బాపుకు పట్టాలు, అమ్మకు అప్పన్న, మాకు బీచ్ రోడ్డు

హన్మకొండ నుంచి వైజాగ్‌కు కారు నడుపుకుంటూ పోవచ్చు. ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి రాజమండ్రి దగ్గర జాతీయ రహదారి 16 ఎక్కితే మొత్తం 500 కిలోమీటర్లకు అటూ ఇటూ. తమ్ముడు ఆ ప్లానే వేశాడు. బాపు ఒక్క మాటతో కొట్టేశాడు.

"రైలుండంగ దినమంత రోడ్డు మీద ఎందుకురా? ఊరు సూడవోతున్నమా, లారీ తోలవోతున్నమా?"

కాజీపేట లోకో షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషితో రైలు మీద వాదన పెట్టుకుని గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు. అందుకని రెండూ కలిపాం. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్, వైజాగ్‌లో దిగాక సెల్ఫ్ డ్రైవ్ కారు. మా పిన్ని వాళ్ళు అంతకుముందు ప్యాకేజీ బస్సులో వెళ్ళొచ్చారు. సబ్‌మెరైన్ మ్యూజియం లైన్లో నిలబడేసరికే టైమైపోయి గైడు విజిల్ ఊదాడట. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఆ విజిల్‌కు పరుగెత్తడం ఆమె వల్ల కాదు. స్టీరింగ్ మన చేతిలో ఉంటే నచ్చిన చోట ఆగొచ్చు, నచ్చని చోటును వదిలేయొచ్చు. వైజాగ్‌కైతే ఈ రెండోది ఎక్కువ అవసరం.

శుక్రవారం రాత్రి

రైలు గురించి రాసేందుకు పెద్దగా ఏమీ లేదు. సర్వపిండి, పచ్చిమామిడి తొక్కు, పెరుగన్నం తిని పడుకున్నాం. టికెట్లు బుక్ చేసుకునేవాళ్ళకు మాత్రం ఒక మాట. విజయవాడ వైపు నుంచి హౌరా వైపు పోయే కొన్ని రైళ్ళు విశాఖపట్నం స్టేషన్‌లోకి రావు, ఊరి బయట దువ్వాడలో ఆగి అట్నుంచి అటే పోతాయి. విశాఖలోకి వెళ్తే ఇంజన్‌ను రెండో వైపుకు మార్చుకుని వెనక్కి బయల్దేరాలి, అందుకే అలా. ఇదంతా బాపు ఖమ్మం దాకా వివరిస్తూనే ఉన్నాడు. పై బెర్తు మీద తమ్ముడు అప్పటికే గురక పెడుతున్నాడు.

శనివారం

కారు ఇచ్చేవాళ్ళు స్టేషన్ దగ్గరికే బండి తెచ్చారు. మొదట తెచ్చింది తెల్ల నంబరు ప్లేటు బండి. తమ్ముడు తాళం ముట్టుకోలేదు. కిరాయికి ఇచ్చే సెల్ఫ్ డ్రైవ్ కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండి. అది కిరాయికి తిరుగుతూ ఏదైనా ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయొచ్చు. "అందరూ ఇలాగే తీసుకుంటారండీ, ఏటీ కాదు" అన్నాడు తెచ్చినతను. అందరి సంగతి మాకెందుకు? గంటసేపు టీలు తాగుతూ కూర్చుంటే నల్ల ప్లేటు బండి వచ్చింది. చుట్టూ తిరిగి గీతలన్నీ వీడియో తీశాం. లోపల కాళ్ళ కింది మ్యాట్లు, పెట్రోల్ ముల్లు, కిలోమీటర్ల రీడింగ్, స్టెప్నీ, జాకీ కూడా తీశాం. ఈ వీడియో సంగతి మళ్ళీ వస్తుంది.

హోటల్లో సామాన్లు పడేసి ఫిషింగ్ హార్బర్‌కు పోయాం. కారు బయటే వదిలి నడిచి వెళ్ళాలి, లోపల లారీలు, ఐసు బండ్లు, బుట్టలు మోసే ఆడవాళ్ళతో అడుగు పెట్టే సందు ఉండదు. పడవలు రాత్రి వేట నుంచి వచ్చి వరుసగా ఆగి ఉన్నాయి. వేలం పాటలో ధర ఎవరు పెంచారో ఎవరు తగ్గారో మాకు అర్థమయ్యేలోపే చేప చేతులు మారిపోతోంది. బాపు ఒక వంజరం ముందు చాలాసేపు నిలబడ్డాడు. హోటల్ గదిలో వండేదెవరు? అమ్మ అయితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని దూరంగా నిలుచుంది. సింహాద్రి అప్పన్న దర్శనమయ్యేదాకా నీసు ముట్టనని ఇంట్లోనే మొక్కుకుంది.

అక్కడి నుంచి చూస్తే పోర్టుకు అడ్డంగా డాల్ఫిన్ నోస్ కొండ కనిపిస్తుంది. సముద్రంలోకి ముక్కు చాచిన ఆ కొండ ఉండబట్టే దాని వెనకాల నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, 1933లో ఇక్కడ రేవు తెరిచారు.

మధ్యాహ్నం ఆర్‌కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్. సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం తర్వాతే తెరుస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళి తలుపులు చూసి రావద్దు. సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969లో మన నేవీలో చేరింది, 1971 యుద్ధ కాలంలో పనిచేసింది, 2001లో రిటైరైంది. మరుసటి ఏడు ఒడ్డుకు లాక్కొచ్చి మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు. లోపల మాత్రం మనిషి పక్కకు తిరిగితేనే ఎదుటివాడు దాటగలడు. ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి రంధ్రంలోంచి కాలు ముందు పెట్టి, తల వంచి దూరాలి. అమ్మ మొదటి రంధ్రం చూసి వెనక్కి తిరిగింది. మోకాళ్ళు బాగాలేనివాళ్ళు బయట నుంచే చూడటం మేలు.

లోపల వివరాలు చెప్పేది నేవీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. ముందు ఆరు, వెనక నాలుగు, మొత్తం పది టార్పెడో గొట్టాలు చూపించారు. మేమంతా వాటి దగ్గర ఆగితే బాపు ఇంజన్ల గదిలో ఆగాడు. నీటి పైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు నడిచి బ్యాటరీలను నింపుతాయి, మునిగాక ఆ బ్యాటరీ కరెంటుతో మోటార్లు పంకాలను తిప్పుతాయి.

"ఇండ్ల కొత్తేముంది? మన డీజిల్ లోకోల సుత డీజిల్ చక్రాన్ని తిప్పది, కరెంటును పుట్టిస్తది. చక్రాన్ని తిప్పేది మోటరే" అన్నాడు. గైడు నవ్వి, ఏ షెడ్డు సార్ మీది అని అడిగాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మమ్మల్ని మరిచిపోయారు. వెనక లైను గొణుగుతుంటే తమ్ముడు చేయి పట్టి లాక్కురావలసి వచ్చింది.

రోడ్డుకు అవతల టీయూ 142 విమానం ఉంది. సముద్రం మీద తిరుగుతూ శత్రు జలాంతర్గాములను వెతికిన విమానం, 2017లో మ్యూజియమైంది. పెద్ద విమానమే, కానీ కుర్సురా చూసి వచ్చాక అంత ఆనదు. ఆ రెండింటి కంటే ఎక్కువసేపు నేను బీచ్‌లోని విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గరే ఉన్నాను. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక ఈ తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. మురీ మిక్స్చర్ పొట్లం చేత్తో పట్టుకుని పిల్లలు పరుగెడుతున్న ఈ ఇసుక ముందు అంత పని జరిగిందంటే నమ్మబుద్ధి కాదు.

స్నానాల గురించి చెప్పాలి. ఆర్‌కే బీచ్‌లో మోకాలి లోతు దాటొద్దు. వెనక్కి పోయే అల కాళ్ళ కింది ఇసుకను లాగేసి మనిషిని పడేస్తుంది, లోపలికి లాక్కుపోతుంది. చెరువులో, వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. మన వైపు పిల్లలకు అదే ధైర్యం ఎక్కువ. తమ్ముణ్ణి కాస్త గట్టిగానే అరిచాను.

ఆదివారం

ఈ రోజు భీమిలి దాకా బీచ్ రోడ్డు. పాతిక కిలోమీటర్ల పైచిలుకు, ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం. నన్నడిగితే వైజాగ్‌లో అసలు చూడాల్సింది ఈ రోడ్డే. మిగతావన్నీ దాని పక్కన ఆగే స్టాపులు. పొద్దున కొంతసేపు ఆర్‌కే బీచ్ దగ్గర రోడ్డును నడిచేవాళ్ళ కోసం మూసేస్తారు. ఇడ్లీ తిని తాపీగా బయల్దేరితే సరిపోతుంది.

కైలాసగిరికి కారులో పైదాకా పోవచ్చు. శివపార్వతుల పెద్ద విగ్రహాలు, చుట్టూ తిరిగే బుల్లి రైలు, రోప్‌వే ఉన్నాయి. పై నుంచి తీరం వంపు బాగా కనిపిస్తుంది. అంతకు మించి అక్కడ గడపడానికి మాకు ఏమీ తోచలేదు. ఆదివారం జనం కూడా ఎక్కువ. రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, ఇసుక శుభ్రంగా ఉంది, పార్కింగ్ మాత్రం నిండిపోయింది. ఆగలేదు. ప్యాకేజీ బస్సైతే ఇలా దాటేసేది కాదు, దించి తీరేది.

మిగిలిన టైమంతా తొట్లకొండకు ఇచ్చాం. భీమిలి రోడ్డు నుంచి ఎడమకు తిరిగి కొండ మీదకు కారు పోతుంది. రెండు వేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. నేవీ వాళ్ళు విమానంలో సర్వే చేస్తున్నప్పుడు బయటపడిందట. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. స్తూపాలు, గుండ్రటి చైత్యాలు (ప్రార్థన మందిరాలు), వరసగా భిక్షువుల గదుల పునాదులు, వాన నీళ్ళు నిలవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇంత ఎత్తున నీళ్ళు ఎట్లా అన్న ప్రశ్నకు ఆ తొట్లే జవాబు.

తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయని అక్కడ చదివి తమ్ముడు ఆగిపోయాడు. శాతవాహనుల తొలి నాణేలు దొరికింది మన జగిత్యాల జిల్లా కోటిలింగాలలో, గోదావరి ఒడ్డున. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో ఇలాంటిదే బౌద్ధ స్తూపం ఉంది. డిగ్రీలో చరిత్ర చదివిన తమ్ముడు ధూళికట్టకు కాలేజీ టూరులో పోయాడు, నేను ఇప్పటిదాకా పోలేదు. ఇంటి పక్కది వదిలేసి ఇంత దూరం వచ్చి దాని అన్నదమ్ముణ్ణి చూస్తున్నామని నవ్వుకున్నాం. కొండ అంచున నిలబడితే కింద సముద్రం, దాని మీద దూరంగా రేవు బయట లంగరు వేసిన ఓడలు. భిక్షువులు ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో తెలిసినవాళ్ళు.

కిందికి దిగి రోడ్డు దాటితే మంగమారిపేట దగ్గర సముద్రం కొరికిన రాతి తోరణం. ఆటుపోట్లు చూసుకుని వెళ్ళాలి. మేము వెళ్ళినప్పుడు నీళ్ళు పైకి ఉన్నాయి, దూరం నుంచే చూశాం.

ఎర్రమట్టి దిబ్బలకు పోయేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అమ్మ, బాపు తాటి తేగలు అమ్మే ఆమె దగ్గర నీడన కూర్చున్నారు. హిమయుగంలో సముద్రం ఇప్పటికంటే చాలా లోపలికి తగ్గినప్పుడు బయటపడిన ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఎర్రబడింది. వానలు కోసిన గండ్లలోకి దిగితే రెండు పక్కలా మనిషి కంటే ఎత్తైన ఎర్రటి గోడలు, ఏ మలుపు ఎటు పోతుందో తెలియదు. దక్షిణాసియాలో ఇలాంటి దిబ్బలు తమిళనాడులో, శ్రీలంకలో తప్ప వేరే చోట లేవు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. గోడల మీద పేర్లు చెక్కినవాళ్ళకు ఈ సంగతి ఎవరైనా చెప్తే బాగుండు. రామప్ప గుడి కింద ఇసుక పోసి దాని మీద అంత బరువు నిలబెట్టిన మన కాకతీయుల శిల్పులు దీన్ని చూస్తే ఏమనేవారో అనిపించింది. తమ్ముడు చేత్తో గోడను తాకితే పిడికెడు ఇసుక రాలింది.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి స్థిరపడిన రేవు ఇది. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, ఇప్పుడు మహా విశాఖ కార్పొరేషన్‌లో భాగం. సమాధుల మీద చెక్కిన ఓడ గుర్తులు, పుర్రెలు చూస్తూ తమ్ముడు మోటుపల్లి సంగతి ఎత్తాడు. బాపట్ల వైపున్న ఆ రేవు కాకతీయ రాజు గణపతిదేవుడి చేతిలో ఉండేది. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారు. మేము సుంకం తప్ప ఏమీ తీసుకోం, భయం లేకుండా రండి అని గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. ఓరుగల్లు రాజుకు ఓడల మీద ఉన్న శ్రద్ధ, సముద్రం చూసి సెల్ఫీలు దిగే మాకు లేకపోయింది.

చేపల వేపుడు కోసం ఆగాం. అమ్మ పెరుగన్నం తింది. తిరుగు ప్రయాణం గురించి చెప్పేదేముంది, ఆదివారం సాయంత్రం ఊరంతా ఆ రోడ్డు మీదే.

సోమవారం

అరకు పోవడానికి కావాలనే సోమవారం పెట్టుకున్నాం. డిసెంబర్ శని, ఆదివారాల్లో ఆ ఘాట్ రోడ్డు మీద గంటలు గంటలు నిలబడిపోయినవాళ్ళు మా కాలనీలోనే ఉన్నారు. చీకటితోనే బయల్దేరి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటేసరికి తెల్లవారింది. అరకు దాకా దాదాపు 115 కిలోమీటర్లు.

ఎస్.కోట దాటాక ఘాట్ మొదలు. ఇక్కడి నుంచి స్టీరింగ్ నాది. తమ్ముడు బాగానే నడుపుతాడు, మలుపు మీద ఓవర్‌టేక్ చేసే అలవాటు ఒక్కటి తప్ప. ప్రతి మలుపుకూ హారన్, ఎదురుగా ఎక్కే బండికి దిగేవాళ్ళు దారి ఇవ్వాలి, దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకుండా రెండో గేర్లో దింపాలి. పొగమంచు ఒక్కోచోట బానెట్ దాకానే కనపడేంత దట్టంగా ఉంది. కాస్త టెన్షన్ పడ్డాను, వెనక సీట్లో అమ్మ "నర్సింహా నర్సింహా" అంటుంటే ఇంకా ఎక్కువైంది.

బాపు రోడ్డు చూడటం లేదు, పట్టాలు వెతుకుతున్నాడు. కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా పోయే కేకే లైను ఈ కొండల్లోనే సొరంగాల్లో దూరుతూ పైకి ఎక్కుతుంది. బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైను. నిండు బండి కొండ దిగాలి, ఖాళీ బండి ఎక్కాలి. "లాగుడు కాదు బిడ్డా, ఈడ ఆపుడే కష్టం" అన్నాడు. ఈ ఘాట్ కోసమే జపాన్ హిటాచీ కంపెనీ ఇంజన్లు తెప్పించి వాల్తేరు షెడ్డులో ఉంచారని, కాజీపేటలో వాటి గురించి వినడమే గానీ చూడలేదని చెప్పాడు. బొర్రా గుహలు స్టేషన్ దగ్గర మమ్మల్ని ఆపించి ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాడు. చాలాసేపటికి ఎర్రటి దుమ్ము కప్పుకున్న ఖనిజం బండి వచ్చింది. డబ్బాలు లెక్కపెడుతూ చివరి దాకా చూశాడు. వైజాగ్ టూర్ ఖర్చు మొత్తం ఆయనకు అక్కడే గిట్టింది.

బొర్రా గుహల్లో దిగడం తేలికే, ఎక్కడమే మెట్లు. సున్నపురాయి కొండలోకి ఇంకే వాన నీరు రాయిని కరిగించుకుంటూ పోయి, చుక్కలు చుక్కలుగా పడే చోట మళ్ళీ పేరుకుని పై నుంచి వేలాడే స్తంభాలు, కింది నుంచి లేచే స్తంభాలు తయారయ్యాయి. పై చుక్క, కింది చుక్క కలిసిన చోట నిలువెత్తు కంబం. రంగురంగుల లైట్లు పెట్టకుండా మామూలు వెలుతురే ఉంచితే రాయి ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. ఆ గుహల గుండా పారేది గోస్తనీ. నిన్న భీమిలిలో ఇసుక మేటల మధ్య నెమ్మదిగా సముద్రంలో కలిసిన నదే. పైన కేకే లైను, కింద నది, మధ్యలో గుహ.

అరకు లోయలో వలిసె పూలు పసుపు పచ్చగా విరబూసి ఉన్నాయి, ప్రతి పొలం దగ్గరా ఫోటోలకు డబ్బులడిగే పిల్లలు. గిరిజన మ్యూజియం చూడదగ్గది, హడావిడి పడొద్దు. దారిలో అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొంగులో చికెన్ నూనె లేకుండా వెదురు బొంగులో కూరి నిప్పుల మీద కాలుస్తారు. అమ్మ మొహం చూడకుండా తిన్నాం.

చీకటి పడకముందే ఘాట్ దిగేశాం. ఆ ఒక్క నియమం మాత్రం ఎవరూ తప్పొద్దు.

మంగళవారం

సింహాచలం తెల్లవారుజామున. కొండ మీదకు కారు పోతుంది. ఇక్కడి వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, చూడటానికి లింగంలా కనిపిస్తాడు. నిజరూపం చూపించేది అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. కళింగ యుద్ధ కాలంలో 1516లో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చాడు, శాసనాలున్నాయి. అమ్మ కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఏం కోరుకుందో చెప్పలేదు. బయట సింహాచలం అనాసపళ్ళు కోసి ఉప్పు కారం చల్లి ఇస్తున్నారు, కొంచెం పుల్లన, బాగుంది.

మధ్యాహ్నం సింధియా మీదుగా యారాడ కొండ ఎక్కి దిగాం. ఎక్కేటప్పుడు వెనక రేవు, షిప్‌యార్డు, దిగేటప్పుడు ముందు కొబ్బరి తోటలు, వాటి అవతల బీచ్. జనం తక్కువ. ఆర్‌కే బీచ్‌లో లాగే ఇక్కడా లోతుకు పోవద్దు. ఒక చిన్న హోటల్లో అమ్మ చేపల పులుసు చెప్పింది. మొక్కు తీరింది కదా. రెండోసారి అన్నం పెట్టించుకుని, "మన చెరువు చేప రుచి రాదు గానీ, మంచిగనే ఉంది" అని తీర్పు ఇచ్చింది.

కారు అప్పగించే చోట అనుకున్నదే జరిగింది. మ్యాట్ల కింద ఇసుక ఉంది, క్లీనింగ్ చార్జీ కట్టాలన్నారు. ఎర్రమట్టి దిబ్బల ఇసుక ఉన్న మాట నిజమే. తమ్ముడు శనివారం తీసిన వీడియో పెట్టాడు. అందులో అవే మ్యాట్ల మీద తెల్ల ఇసుక, రెండు చిప్స్ కవర్లు. అతను వీడియో పూర్తిగా చూడకుండానే సరేనన్నాడు. డిపాజిట్ మాత్రం మేము హన్మకొండ చేరాక, ఫోన్లు చేయగా చేయగా వచ్చింది.